పైకప్పుకు పరదా వద్దు

ఈసారి మన ఊరి సంగతి పక్కన పెట్టి, ఇంగ్లండులో ఒక పాత చర్చి పైకప్పు గురించి రాస్తున్నాం. “మన ఇంటి రాతల్లోకి చర్చి ఎందుకొచ్చింది?” అని పెద్దనాయన అడుగుతాడని తెలుసు. ఆయనకు చెప్పాల్సిన జవాబు చివర్లో ఉంది. అంతదాకా కాస్త ఓపిక పట్టండి.

మా అక్క కూతురు నారిచ్ అనే ఊళ్లో చదువుతోంది. రాతలో ఆ పేరు మధ్యన డబ్ల్యూ ఒకటి ఉంది గానీ అక్కడివాళ్లు దాన్ని మింగేస్తారు. పాపను చూడటానికి పోయినప్పుడు ఆ ఊరి కథీడ్రల్‌కు వెళ్లాం. 1096లో మొదలుపెట్టిన కట్టడం అది. లోపలికి పోగానే అందరూ చేసే పనే మేమూ చేశాం. స్తంభాలు చూశాం, రంగు అద్దాల కిటికీలు చూశాం, ఫోటోలు తీసుకున్నాం, ఇంక పోదామా అన్నాం. అప్పుడు పాప తన సంచీలోంచి పౌడరు డబ్బా తీసి, మూత తెరిచి, అందులో అద్దం మా చేతికిచ్చింది. “ఊరికే తల ఎత్తితే మెడ పట్టేస్తుంది చిన్నమ్మా, ఇందులో చూడండి” అంది.

చూశాం. అరచేతంత అద్దంలో నోవహు ఓడ కనబడింది. నాలుగడుగులు ముందుకు వేస్తే ఎర్ర సముద్రంలో మునిగిపోతున్న ఫరో. ఇంకా ముందుకు పోతే శిష్యులతో కలిసి ఏసు చేసిన కడరా భోజనం. అన్నీ రాతి బొమ్మలే, అన్నిటికీ రంగులు, అక్కడక్కడా బంగారు పూత. సుమారు 70 అడుగుల ఎత్తున, మా తలల మీదే ఉన్నాయి. అప్పటికి అరగంట నుంచి మేము వాటి కిందే తిరుగుతున్నాం!

ఆ బొమ్మలను ఇంగ్లీషులో బాస్ అంటారు. ఆఫీసులో మనల్ని అరిచే బాస్ కాదు. మన మాటల్లో చెప్పాలంటే ముడిరాయి. గోతిక్ చర్చి పైకప్పును గొడుగు లోపలి వైపులా ఊహించుకోండి. ప్రతి స్తంభం నుంచీ రాతి కమ్ములు వంపు తిరిగి పైకి పోతాయి. అటునుంచి వచ్చేవి, ఇటునుంచి వచ్చేవి నడిమధ్య కలుసుకుంటాయి. అలా కలిసే చోట రాయిని చెక్కడం మేస్త్రికి పెద్ద తలనొప్పి. ఒక్కో కమ్మి ఒక్కో కోణంలో వస్తుంది. నాలుగో, ఆరో, ఎనిమిదో మొనలు ఒకే బిందువు దగ్గర కుదరాలి. వెంట్రుకంత తేడా వచ్చినా కిందనుంచి వంకరగా కనబడుతుంది. అందుకని అక్కడ ఒక పెద్ద రాయిని పెట్టి, దానికే చుట్టూ కమ్ముల మొదళ్లు చెక్కి, మిగతా కమ్ములను వాటికి జోడించారు. మొనదేలిన కమానుకు నడినెత్తి పైకి ఉబికే గుణం ఉంటుంది. బరువైన ముడిరాయి దాన్ని అణిచి పట్టుకుంటుంది కూడా. అంటే ఇది ఊరికే అంటించిన అలంకారం కాదు. పని చేసే రాయి. పని చేసే రాయి కాబట్టే దానికి అలంకారం చేశారు. మాకు మొదట నచ్చిన సంగతి ఇదే.

ఈ రాళ్లలో ఎక్కువ భాగం నేల మీదే చెక్కి, తర్వాత పైకి లాగి, సెంట్రింగ్ మీద కూర్చోబెట్టారు. అంటే చెక్కినవాడు తన బొమ్మను ఒడిలో బిడ్డను చూసినంత దగ్గరగా చూశాడు. అది పైకి పోయాక మళ్లీ అంత దగ్గరగా ఎవరూ చూడరని తెలుసు. అయినా పనిలో లోటు చేయలేదు.

నారిచ్ కథీడ్రల్‌లో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. అన్నీ ఒక్కసారి చేసినవి కావు. పక్కనున్న చతురస్రపు వసారాల పని 1297లో మొదలై 1430 దాకా సాగింది. మధ్యలో 1349లో పెద్ద ప్లేగు వచ్చి ఊళ్లను ఊడ్చేసింది. తాత మొదలుపెట్టిన వరసను మనవడి మనవడు ముగించాడన్నమాట. ఆ వసారాల్లో దాదాపు 400 ముడిరాళ్లు ఉన్నాయి. బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం బొమ్మలే వందకు పైగా. అక్కడే ఆకుల మధ్యలోంచి తొంగిచూసే మనిషి ముఖం ఒకటి ఉంది. ఆకు మనిషి అని అక్కడ పేరు. బైబిల్లో వాడి ఊసే లేదు. అయినా రాతిపనివాళ్లు వాడిని తెచ్చి కూర్చోబెట్టారు, ఎవరూ కాదనలేదు.

చర్చి నడవకు మొదట్లో కొయ్య కప్పు ఉండేది. 1463లో శిఖరం మీద పిడుగు పడి అది కాలిపోయింది. అప్పటి బిషప్ వాల్టర్ లైహార్ట్. మళ్లీ కొయ్యతో వద్దని రాతికప్పు వేయించాడు. అందులో తూర్పున సృష్టితో మొదలై పడమట కడపటి తీర్పు దాకా, 14 అంకణాల్లో బైబిలు కథంతా వరసగా చెక్కించాడు. ఏడు అంకణాలు పాత నిబంధన, ఏడు కొత్త నిబంధన. నడుస్తూ చదువుకోవడమే.

ఇక్కడొక తమాషా ఉంది. హార్ట్ అంటే పాత ఇంగ్లీషులో మగజింక. లైహార్ట్ అనే పేరుకు, నీళ్లలో పడుకున్న జింక బొమ్మను తన గుర్తుగా పెట్టించాడు. ఆయన తర్వాత వచ్చిన బిషప్ జేమ్స్ గోల్డ్‌వెల్. ఆయన తూర్పు భాగానికి రాతికప్పు వేయించి, ముడిరాళ్ల మీద ఒకటి తర్వాత ఒకటిగా బంగారు బావులు చెక్కించాడు. గోల్డ్ అంటే బంగారం, వెల్ అంటే బావి. తెలిసింది కదా! ఇంటిపేరు మీద మనకు ఉండే మోజు వాళ్లకూ తక్కువేం కాదు.

ఇప్పుడు తగువులోకి వద్దాం.

2019 ఆగస్టులో ఈ కథీడ్రల్ వాళ్లు నడవ మధ్యలో ఒక జారుడుబల్ల పెట్టారు. పిల్లల పార్కులో ఉండే చిన్న బల్ల కాదు. తిరునాళ్లలో కనబడే రకం, 50 అడుగులకు పైగా ఎత్తున్న బురుజు, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ జారే దారి. లోపలి మెట్లెక్కి పైకి పోతే ముడిరాళ్లు దగ్గరగా కనబడతాయి. చూసుకుని, గోనెపట్టా మీద కూర్చుని జర్రున కిందికి జారడమే. 11 రోజులు ఉంచారు. ఆలోచన పుట్టించిన పాదిరి ఆండీ బ్రయంట్. రోములో సిస్టీన్ చాపెల్ పైకప్పు చూస్తున్నప్పుడు ఆయనకు తమ చర్చి కప్పు గుర్తొచ్చిందట. అక్కడ జనం మెడలు విరిగేలా పైకి చూస్తున్నారు, మా కప్పు అంత గొప్పది, దాన్నెవరూ చూడరే అనుకున్నాడు. ఆఖరి రోజు ఆరాధనలో లిన్ బిషప్ జోనథన్ మేరిక్ ఆ జారుడుబల్ల మధ్యలో ఆగి ప్రసంగం చేశాడు.

గగ్గోలు పుట్టింది. దేవుడి ఇంటిని తిరునాళ్ల సంత చేశారని కొందరన్నారు. రాణిగారికి ఒకప్పుడు చాప్లిన్‌గా ఉన్న గావిన్ ఆషెండెన్ గట్టిగానే తప్పుపట్టాడు. వాళ్ల మాటను మేము తేలిగ్గా తీసేయడం లేదు. గుళ్లో గంట కొట్టే చోట, కళ్లు మూసుకుని నిలబడే చోట, పిల్లలు కేకలేస్తూ జారుతుంటే మనకైనా ఎలా ఉంటుంది? ప్రార్థనకు వచ్చినవాడికి ఒక నిశ్శబ్దం కావాలి. అది ఇవ్వడం చర్చి బాధ్యత. ఆ మాట నిజమే.

కానీ ఆ తగువులో ఇంకో వాదం వినబడుతుంది. అది మాకు ఒప్పుదల కాలేదు. “ఆ బొమ్మలు మనుషుల కోసం చెక్కినవి కావు, దేవుడి కోసం చెక్కినవి. మనం చూడకపోయినా ఫరవాలేదు” అంటారు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ రాళ్లే ఆ మాటను ఒప్పుకోవు. దేవుడు ఒక్కడే చూసేదైతే లైహార్ట్‌కు జింక ఎందుకు? గోల్డ్‌వెల్‌కు అన్ని బావులు ఎందుకు? బిషప్ పేరు దేవుడికి తెలియదా? దేవుడికైతే తూర్పు నుంచి పడమటికి వరసగా కథ చెప్పాల్సిన పని ఏముంది? కిందనుంచి ఆనడానికే కదా అంత ముదురు రంగులు, అంత బంగారం పూసింది? చెక్కినవాడు ఆకు వెనక వైపు కూడా శ్రద్ధగా చెక్కి ఉండొచ్చు. అది వాడి నిష్ఠ. అయినా ఎవరైనా చూస్తారని, చూడాలని వాడికి ఆశ ఉంది. ఆ ఆశను మనం తీర్చకుండా, ‘నువ్వు దేవుడి కోసమే చేశావులే’ అని వాడి వీపు తట్టడం న్యాయం కాదు.

పైగా ఆ నడవ కప్పులోనే ఒకచోట గుండ్రటి పెద్ద కన్నం ఉంది. పెంతెకొస్తు పండుగకు దేవదూత వేషం వేసిన మనిషిని సాంబ్రాణి ధూపంతో అందులోంచి కిందికి దించేవాళ్లని చెబుతారు. తాడు కట్టుకుని ఒకడు పైనుంచి ఊగుతూ దిగుతుంటే కింద జనం నోరు మూసుకుని ఊరుకున్నారని మేమైతే అనుకోం. ఆ కాలపువాళ్ల భక్తిలో వేడుకకు చోటుంది. ఆ చోటును తర్వాతివాళ్లు మూసేశారు.

పైనుండటం వల్ల ఆ బొమ్మలకు ఒక మేలు జరిగింది, ఆ మాట కూడా చెప్పాలి. 1640ల్లో అంతర్యుద్ధం నాడు, చర్చిలో బొమ్మలు ఉండకూడదనే ప్యూరిటన్లు ఈ కథీడ్రల్‌లోకి చొరబడి కిటికీలు పగలగొట్టారు, ఆర్గాన్ వాద్యాన్ని పాడుచేశారు. చేతికందినదల్లా విరిచారు. కప్పు మాత్రం చేతికందలేదు. దూరం వాటిని కాపాడింది. కానీ కాపాడిన దూరమే వాటిని మరిచిపోయేలా కూడా చేసింది. రెండూ ఒకే దూరం చేసిన పనులు.

ఆ దూరాన్ని మొదట దాటినవాళ్లలో ఒకాయన గురించి చెప్పకపోతే తప్పు. పేరు సి.జె.పి. కేవ్. ఆయన చరిత్రకారుడు కాదు, వాతావరణ శాస్త్రజ్ఞుడు. మేఘాలను ఫోటోలు తీసేవాడు. పైకి చూడటం అలవాటైన మనిషి చర్చిలోకి పోయినా పైకే చూశాడు. దూరపు లెన్సూ దీపాలూ పట్టుకుని ఇంగ్లండు అంతా తిరిగి పైకప్పుల్లోని ముడిరాళ్లను ఫోటోలు తీశాడు. 1948లో కేంబ్రిడ్జి నుంచి వాటి మీద పుస్తకం తెచ్చాడు. ఎక్సెటర్ కథీడ్రల్ కప్పు ఉంది, దాదాపు 96 మీటర్ల పొడవున తెగకుండా సాగుతుంది, 400కు పైగా ముడిరాళ్లు. అందులో ఒకదాని మీద థామస్ బెకెట్ అనే మతగురువును రాజుగారి మనుషులు కత్తులతో చంపుతున్న దృశ్యం ఉంది. అలాంటివి కిందనుంచి చూస్తే పూల గుత్తుల్లాగే ఉంటాయి. ఫోటోలో చూస్తే కత్తి కనబడుతుంది. జారుడుబల్ల తప్పయితే కేవ్ లెన్సు కూడా తప్పే కావాలి. మా పాప పౌడరు డబ్బా అద్దం కూడా తప్పే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఏడాది పొడుగునా సంత పెట్టమని అనడం లేదు. కానీ 11 రోజులు జనాన్ని కప్పు దగ్గరికి మోసుకుపోవడం అపచారం కాదు. వందల ఏళ్లు దాని కింద నడిచి, ఒక్కసారీ తల ఎత్తకపోవడం ఉంది చూడండి, అది అపచారం.

దగ్గరికి పోతే ఇంకో చిక్కు వస్తుంది. దగ్గరగా చూసినదాన్ని దిద్దాలనిపిస్తుంది. దానికి యార్క్ ఊరి కథీడ్రల్ మంచి ఉదాహరణ. అక్కడి నడవ కప్పు రాతిది కాదు, రాతిలా కనబడే కొయ్యది. ముడి దగ్గర బొమ్మలూ కొయ్యవే. 1840లో అది కాలిపోయింది. పాత చిత్రాలు చూసి మళ్లీ అవే బొమ్మలు చెక్కించారు. అందులో ఒకటి మరియమ్మ బాల ఏసుకు పాలిస్తున్న బొమ్మ. తల్లి రొమ్మిచ్చి పాలు పట్టడం ఆ కాలపు మర్యాదస్తులకు ఇబ్బంది అయింది. కొత్త బొమ్మలో ఆమె చేతికి పాలసీసా ఇచ్చారు! రెండువేల ఏళ్ల కిందటి పశువుల పాకలో పాలసీసా. మొదట మేము పడిపడి నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెబుతాం.

అదే యార్క్‌లో 1984 జులైలో ఇంకోసారి మంటలు లేచి దక్షిణపు రెక్క కప్పు కూలిపోయింది. ఈసారి వాళ్లు వేరేగా చేశారు. బీబీసీలో పిల్లల కార్యక్రమం బ్లూ పీటర్ ద్వారా పోటీ పెట్టి, పిల్లలు గీసిన ఆరు బొమ్మలను కొత్త కప్పులో చెక్కించారు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం ఒకటి, సముద్రం అడుగు నుంచి మేరీ రోజ్ అనే పాత ఓడను పైకి తీయడం ఒకటి. పాతదాన్ని అబద్ధం చేయలేదు. తమ కాలాన్ని దాని పక్కన కూర్చోబెట్టారు. అతుకు ఎక్కడుందో అందరికీ తెలుసు. పాలసీసా అతుకు, చంద్రుడి అతుకు, రెండూ ఒకే చర్చిలో ఉన్నాయి. ఏది నిజాయితీ అయినదో వేరే చెప్పక్కరలేదు.

ఇప్పుడు పెద్దనాయనకు జవాబు.

మన పాతింటి హాల్లో నడిదూలం కింద చెక్కిన తామరమొగ్గ ఉంది. దాని నడుమ ఇనుప కొక్కెం. దానికే ఉయ్యాల కట్టేవాళ్లు. నాయనా, పెద్దనాయనా, మేమూ, మా పిల్లలూ అందరం అందులో ఊగినవాళ్లమే. అదీ పని చేసే అలంకారమే. ఇంట్లో దాన్ని బాగా చూసింది వెల్లకిలా పడుకున్న చంటిపిల్లలు ఒక్కరే. మాటలొచ్చేసరికి అందరం మరిచిపోయాం. ఇప్పుడు ఏసీ పెట్టాలి, చల్లదనం నిలవాలి, అందుకు హాలంతా ఫాల్స్ సీలింగు వేద్దామని ఇంటి గ్రూపులో మాట నడుస్తోంది. “దూలాన్ని తీయడం లేదుగా, మూస్తున్నాం అంతే” అంటున్నారు. మేము వద్దంటున్నాం. మదురై ఎండలు మాకూ తెలుసు. ఏసీ కావాలంటే పక్క రెండు గదుల్లో పెట్టుకుందాం, వాటి కప్పు ఎలాగూ సిమెంటుదే. హాలును వదిలేయండి. జిప్సం పలకల పైన ఉన్న తామరమొగ్గ ఉన్నా లేనట్టే. చెదలు పట్టినా తెలియదు. పిల్లలకు చూపించడానికి అద్దం కూడా పనికిరాదు.

రెండో మాట ఇంతకన్నా కష్టమైనది. రెండేళ్ల కిందట ఇక్కడే ఇల్లు కట్టిన కథ రాసినప్పుడు, ఆ దూలాలకు డబ్బు ఎలా వచ్చిందో అవ్వ చెప్పినట్టే రాశాం. ముత్తవ్వ నగలు కుదువ పెట్టారని, అవి మళ్లీ విడిపించలేదని, ఆమె పోయేదాకా మెడలో పసుపుతాడుతోనే ఉండిందని. రెండు రోజుల్లో ఫోన్లు వచ్చాయి. “ఇంటి పరువు పోతుంది, ఆ మాట తీసేయండి” అన్నారు. తీసేశాం. దాని బదులు “తాతగారు కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో” అని పెట్టాం. ఎవరికీ కోపం రాలేదు. చదవడానికి నున్నగా ఉంది.

యార్క్‌లో పాలసీసా గురించి విని మా నవ్వు ఆగిపోయింది అందుకే. ముత్తవ్వ చేతికి మేమూ ఒక పాలసీసా ఇచ్చాం.

తాత కష్టపడలేదని కాదు. పడ్డాడు. కానీ ఆ కప్పు బరువును మధ్యన పట్టుకున్నది ఆమె నగలు. ముడిరాయి ఆమె. ఆమెను కిందనుంచి కనబడకుండా చేశాం. పరువు కోసం చేశామని అనుకున్నాం. అందులో పరువు పోయే సంగతి ఏముంది? ఇల్లు నిలబడటానికి ఒక ఆడమనిషి తన ఒంటి మీదిది ఇచ్చింది. అది దాచుకోవాల్సిన మాటా, చెప్పుకోవాల్సిన మాటా? అవ్వ ఆ మాట మాకు చెప్పినప్పుడు గొంతు తగ్గించి చెప్పలేదు. హాల్లో కూర్చుని, ఆ దూలం వైపు చెయ్యెత్తి చూపిస్తూ చెప్పింది.

ఈ రాత పెట్టిన రోజే, పాత పేజీలో ఆ మూడు వాక్యాలను తిరిగి పెడుతున్నాం. ఎప్పుడు తీశామో, ఎప్పుడు పెట్టామో కూడా కింద రాస్తున్నాం, అతుకు కనబడేలా. కోపం వచ్చినవాళ్లు ఫోన్ చేయండి, వింటాం. ఫాల్స్ సీలింగు సంగతి పొంగలికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఒక్కటే కోరిక. మాట్లాడే ముందు హాల్లో చాప పరిచి, పెద్దా చిన్నా అందరం ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని పైకి చూద్దాం. పెద్దనాయనకు మెడనొప్పి కదా, ఆయనకు పౌడరు డబ్బా అద్దం మేము తెస్తాం.